నీటిచుక్కలోని ఒంటికంటి ప్రాణి

ఊరికొక చెరువైనను ఉండుట తెలంగాణమున సామాన్యము. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములును అట్టివే. ఉత్తరమున గోదావరి, దక్షిణమున మానేరు, నడుమ గుట్టలు, చల్కలు, రేగళ్లు. నాలుగు నెలలు కురిసిన వానను పండ్రెండు నెలలు వాడుకొనవలసిన నేల యిది. అందుచేతనే పూర్వులు వాగులకు అడ్డముగా కట్టలు పోసిరి, తూములు పెట్టిరి, మత్తళ్లు కట్టిరి. చెరువనగానే మడి, చేప, బతుకమ్మ జ్ఞప్తికి వచ్చుట సహజము. కాని ఆ నీటిలో మనుష్యుని లెక్కకు రాని సంసారములు అనేకము కలవు. వానిలో ఒకదాని యజమాని పొడవు ఒక మిల్లీమీటరుకు కొంచెము ఎక్కువ. చేదలో వచ్చును, చెంబులో వచ్చును, కంటికి కనబడీ కనబడక గొంతు దిగిపోవును. శతాబ్దముల తరబడి లక్షల మందిని మంచము పట్టించిన ఒక రోగము ఈ అల్పప్రాణి జీవితముతో ముడిపడియుండెను. ఆ ముడి ఎక్కడ ఉన్నదో తెలిసిన పిమ్మట మందుతో పని లేకుండనే రోగము దేశమును విడిచిపోయెను.

ఆ ప్రాణి పేరు సైక్లాప్స్. గ్రీకుల పురాణగాథలలో నుదుటిమీద ఒకే కన్ను గల రాక్షసజాతి యొకటి కలదు. డెన్మార్కు శాస్త్రజ్ఞుడు ముల్లర్ 1785లో ఆ రాక్షసుల పేరును ఈ సూక్ష్మజీవికి పెట్టెను. దీని తల నడుమ ఎఱ్ఱగనో నల్లగనో ఒకే చుక్క యుండును, అదియే కన్ను. ఆ కన్ను వెలుగును చీకటిని గుర్తించునే గాని రూపములను చూడజాలదు.

తెలుగు పల్లెలలో దీనికి పేరు లేకపోవుట గమనింపదగిన విషయము. రొయ్యకు పేరున్నది, ఎండ్రకాయకు పేరున్నది. వానికి దూరపు చుట్టమైన దీనికి మాత్రము లేదు. అయితే దీనివలన వచ్చిన రోగమునకు పేరున్నది. అది నారికురుపు. కాలిపై బొబ్బలేచి, పగిలి, అందులోనుండి నారపోగు వంటి పురుగు వెలువడుటచే ఆ పేరు వచ్చెను. ఆయుర్వేద గ్రంథములు స్నాయుకమని చెప్పినది దీనినే. బాధను చూచినవారు బాధకు పేరు పెట్టిరి. బాధను మోసి తెచ్చిన ప్రాణి కంటికి ఆనలేదు గనుక దానికి పేరు పెట్టినవారు లేరు.

దేహము, సంతానము

రొయ్య, ఎండ్రకాయ, సైక్లాప్స్ మూడును కవచజీవుల వర్గమునకు చెందినవి. మూడింటికిని దేహముపై గట్టి పెంకు, కీళ్లు గల కాళ్లు ఉండును. పెరిగినకొలది పాత పెంకును విడిచి కొత్త పెంకును తొడుగుకొనును. సైక్లాప్స్ దేహము సగము కోసిన జామపండు వలె ముందు వెడల్పుగను వెనుక సన్నముగను ఉండును. తోక చివర చీలి, సన్నని వెండ్రుకలతో ముగియును. తలయొద్ద రెండు జతల మీసములుండును. కాళ్లతో నీటిని ఒక్కుమ్మడిగా తన్నుటచే ఈ జీవి తిన్నగా ఈదక, చిన్నచిన్న దుముకులుగా కదలును. గ్లాసులోని నీటిలో నలుసు దుమికినట్లు కనబడిన, అది నలుసు కాదని గుర్తింపవచ్చును.

ఆడుదానిని గుర్తుపట్టుట సులభము. తోకకు ఇరుప్రక్కల రెండు గ్రుడ్లసంచులను మోయుచుండును. దీనితోపాటు చెరువులలో నుండు డయాప్టమస్ అను జాతికి ఒకే సంచి యుండును, మీసములు దేహమంత పొడవుండును. ఈ రెండు గుర్తులు తెలిసిన విద్యార్థి చిన్న భూతద్దముతోనే వానిని వేరు చేయగలడు.

గ్రుడ్డునుండి వెలువడిన పిల్లకు తల్లి పోలిక ఉండదు. మూడు జతల అవయవములతో గుండ్రని చుక్కవలె నుండును. ఇట్టి దశలు ఆరు గడచిన పిమ్మట తల్లి పోలిక వచ్చును. మరి అయిదు దశలు గడచి పూర్ణవయస్సునకు చేరును. వెచ్చని నీటిలో ఇదంతయు రెండు మూడు వారములలో ముగియును. ఆడుది ఒక్కసారి జతగూడిన చాలును. ఆ బీజమును దాచుకొని పలుమారులు గ్రుడ్లు పెట్టగలదు. అందుచేత వరదతోనో, కడవతోనో ఒక్క ఆడుప్రాణి కొత్త నీటిలోనికి చేరినను అక్కడ ఒక వంశము వెలయుటకు అవకాశము కలదు.

ఏ నీట నుండును?

సైక్లాప్స్ అనునది ఒక్క జాతి పేరుగా వాడుకలోనికి వచ్చినను, శాస్త్రజ్ఞులు దీనిని పలు ప్రజాతులుగా విభజించిరి. భారతదేశపు వెచ్చని నీళ్లలో విరివిగా కనబడునవి మీసోసైక్లాప్స్, థెర్మోసైక్లాప్స్ అను రెండు. వీనిలో మీసోసైక్లాప్స్ ఆస్పెరికార్నిస్ అను జాతిని హంగరీ శాస్త్రజ్ఞుడు డాడే 1906లో వర్ణించెను. ఆసియా, ఆఫ్రికా, అమెరికా ఉష్ణమండలములందును, పసిఫిక్ దీవులందును ఇది వ్యాపించియున్నది. పాత భారతీయ గ్రంథములలో మీసోసైక్లాప్స్ ల్యూకార్టి అను పేరు పదేపదే కనబడును. అసలు ల్యూకార్టి యూరపు మొదలగు చల్లని దేశముల ప్రాణియనియు, ఇక్కడి జాతులు వేరనియు తరువాతి పరిశీలనలు తేల్చినవి. ఆ భేదము మీసముల మీది అతిసూక్ష్మమైన ముండ్లలోను, బీజమును దాచు అవయవముల తీరులోను తెలియును. ఇట్టి సూక్ష్మవిభజనలో ఆంధ్రదేశమునకు పేరు తెచ్చినవారిలో నాగార్జున విశ్వవిద్యాలయ ఆచార్యులు యెనుముల రంగారెడ్డి ముఖ్యులు. చెరువులందే గాక భూగర్భజలములందు నుండు కవచజీవులను కూడ వారు వెలికితీసి వర్ణించిరి.

సైక్లాప్స్‌నకు కావలసినది నిలకడ గల మంచినీరు. ఉప్పునీరు దీనికి సరిపడదు. వడిగా పారు నీటిలో ఇది కాలూనలేదు. కనుక గోదావరి నడిప్రవాహములో వెదకుటకంటె ధర్మపురి వంటి చోట ఒడ్డున నిలిచిన మడుగులో వెదకుట మేలు. చెరువులో నాచు, తుంగ, తామర పెరిగిన అంచులందు దీనికి ఆహారము, ఆశ్రయము రెండును లభించును. నాచుకణములు, ఏకకణజీవులు, తనకంటె చిన్నవైన నీటిజంతువులు దీని ఆహారము. ఆకలి మిక్కుటమైనప్పుడు తన జాతి పిల్లలను సైతము విడువదు. పగటివేళ లోతునకు దిగి, చీకటిపడిన పిమ్మట పైకి వచ్చుట వీని జాతిలో సాధారణము. చేపకంటికి చిక్కకుండుటకు ఈ ఏర్పాటు ఉపకరించును.

కుంట యెండిపోయినచో ఏమగును? సైక్లాప్స్ కుటుంబములోని పలుజాతులు యౌవనదశలో బురదలో దూరి, కదలక మెదలక నిద్రావస్థలో గడపును. తొలకరి నీరు నిలిచిన కొలదిదినములకే మరల మేల్కొని ఈదులాడును. ఎండి బీటలువారిన కుంటలో ఆషాఢమున ఈ ప్రాణులు ఎక్కడినుండి ఊడిపడినవని ఆశ్చర్యపడవలసిన పని లేదు. వానిలో కొన్ని పోయిన సంవత్సరమునుండి అక్కడనే యుండెను.

మూడు తీరుల బావులు

చెరువు తరువాత చెప్పదగినది బావి. తెలంగాణపు బావులు మూడు తీరులు. పొలమునకు నీరు తోడునది మోటబావి. ఒడ్డున నిలిచి తాడుతో నీరు చేదుకొనునది చేదబావి. మెట్లు దిగి నీటివరకు పోవునది దిగుడుబావి. నీటిలోని సైక్లాప్స్‌నకు ఈ భేదముతో పని లేదు, మూడింటను బ్రతుకగలదు. భేదమంతయు మనుష్యుని కాలితోనే వచ్చెను.

నారికురుపు కథ యిది. రోగి కాలిలో నుండు ఆడుపురుగు పొడవు అరవై నుండి నూరు సెంటీమీటర్లు. బొబ్బ మంట పెట్టినప్పుడు రోగి కాలును చల్లని నీటిలో పెట్టును. నీరు తగిలినంతనే పురుగు లక్షలాది పిల్లలను నీటిలోనికి విడుచును. ఆ పిల్లలు నీటిలో ఉత్తగా బ్రతుకగలిగినది మూడు దినముల మాత్రమే. ఆ లోపల సైక్లాప్స్ వానిని ఆహారమని మ్రింగవలెను. మ్రింగిన పిమ్మట సుమారు రెండు వారములు దాని దేహములో పెరిగి, మనుష్యుని అంటగల శక్తిని పొందును. అట్టి సైక్లాప్స్‌ను నీటితోపాటు త్రాగినవాని కడుపులో ఆమ్లమునకు సైక్లాప్స్ చచ్చును, పురుగుపిల్ల బ్రతికి బయటపడును. ఒక సంవత్సరము గడచినగాని కాలిపై బొబ్బ లేవదు. కారణమునకు కార్యమునకు నడుమ ఏడాది యెడమున్నప్పుడు ఏ పల్లెవాసి పోయిన యేటి చెంబెడు నీళ్లను అనుమానింపగలడు?

చేదబావిలో రోగి కాలు నీటిని తాకదు. దిగుడుబావిలో తాకును. వేసవిలో నీరు అట్టడుగునకు పోయినప్పుడు, ఉన్న కొలది నీటిలోనే సైక్లాప్స్‌లు దట్టముగా చేరును. ఆ నీటికొరకే ఊరంతయు మెట్లు దిగవలసివచ్చును. కాలు, ప్రాణి, కడవ మూడును ఒకే చోట కలిసిన స్థలము ఆ చివరి మెట్టు.

గుట్టు విప్పినవారు

రష్యా దేశీయుడైన ఫెడ్‌చెంకో 1870 ప్రాంతమున తుర్కిస్తానమున పరిశోధించుచు, ఈ పురుగుపిల్లలు సైక్లాప్స్ దేహములో పెరుగుట కనిపెట్టెను. ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు లైపర్ ఇరువదవ శతాబ్దపు తొలి సంవత్సరములలో ఆ సైక్లాప్స్‌లను కోతికి తినిపించి, దాని దేహములో పురుగులు పెరుగుటను నిరూపించెను. ఈ విజ్ఞానము దక్కనునకు చేరుట ఆలస్యము కాలేదు. 1930 దశాబ్దమున మైసూరు సంస్థానములోని చిత్రదుర్గ ప్రాంతమున వి. ఎన్. మూర్తి దిగుడుబావులలో సైక్లాప్స్‌ను తిను చేపలను విడిచి పరీక్షించెను. స్వీట్ అను సహచరునితో కలిసి ఆయన 1936లో ఆ ఫలితములను ప్రకటించెను.

భారత ప్రభుత్వము నారికురుపు నిర్మూలన కార్యక్రమమును 1983-84లో ఆరంభించెను. 1984లో ఏడు రాష్ట్రములందు, 89 జిల్లాలలో, 12,840 గ్రామములలో 39,792 మంది రోగులున్నట్లు లెక్క తేలెను. ఆ ఏడు రాష్ట్రములలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల అప్పుడు ఆ రాష్ట్రములోని కరీంనగరు జిల్లాలో నుండెను. ఈ రోగమునకు టీకా లేదు, లోని పురుగును చంపు మందు లేదు. ఒకసారి వచ్చినవానికి మరల రాదను భరోసాయును లేదు. కార్యకర్తలు చేసిన పనులు మిక్కిలి సామాన్యములు. ఇంటింటికి తిరిగి రోగులను గుర్తించిరి. కట్టుకట్టి, కాలును నీటిలో పెట్టవలదని నచ్చజెప్పిరి. దిగుడుబావులను చేదబావులుగా మార్పించిరి. చేతిపంపులు వేయించిరి. కొన్ని బావులలో టెమిఫాస్ అను మందును కొలత ప్రకారము కలిపి సైక్లాప్స్‌ను తగ్గించిరి. త్రాగునీటిని గుడ్డతో వడియగట్టుట నేర్పిరి. దేశములో చివరి రోగి 1996 జూలైలో రాజస్థానములోని జోధ్‌పూరు జిల్లాలో కనబడెను. 2000 ఫిబ్రవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశమును నారికురుపు లేని దేశముగా ప్రకటించెను.

ఇచ్చట నిలిచి ఆలోచింపదగిన సంగతి యొకటి కలదు. రోగము పోయినది గాని సైక్లాప్స్ పోలేదు. దానిని సమూలముగా నాశనము చేయుట ఎవ్వరికిని సాధ్యము కాదు, అవసరమును కాలేదు. అది ఎక్కడ బ్రతుకునో, ఎంత పరిమాణము గలదో, పురుగుపిల్లను ఎన్నిదినములు మోయునో తెలిసికొని, ఆ గొలుసులో ఒక్క లంకెను తెంపిన చాలెను. ఆ లంకె మనుష్యుని చేతిలోనే యుండెను.

గుడ్డ చేసిన మేలు

సైక్లాప్స్ ఎంత చిన్నదైనను దగ్గరి నేత గుడ్డలోనుండి దూరిపోలేదు. మిల్లీమీటరులో పదవవంతు రంధ్రములు గల జాలి దానిని ఆపివేయును. తల్లులు కడవమూతికి గుడ్డ కట్టి నీరు పోయుట పూర్వమునుండి ఉన్న అలవాటే. అయితే అది దుమ్ము, నలుసు పోవుటకని తలచిరి. మగ్గముల పట్టణమైన సిరిసిల్ల విద్యార్థులకు పడుగు, పేక, పోగుల నడుమ సందు అను మాటలు కొత్తవి కావు. ఆ సందు వెడల్పే ఒక రోగమును ఆపగలదను సత్యము వారికి మరింత సులభముగా బోధపడును.

దీనికి మరియొక నిదర్శనము బంగ్లాదేశములో దొరకినది. కలరా సూక్ష్మజీవులు సైక్లాప్స్ వంటి ప్రాణుల దేహమునకు అంటుకొని నీటిలో సంచరించునని అమెరికా శాస్త్రజ్ఞురాలు రీటా కోల్వెల్ తోడి పరిశోధకులతో కలిసి నిరూపించెను. తరువాత ఆమె బృందము మత్లబ్ ప్రాంతపు గ్రామములలో, పాతచీరను కనీసము నాలుగు మడతలుగా మడచి నీరు వడియగట్టుట నేర్పెను. అట్లు చేసిన గ్రామములలో కలరా 48 శాతము తగ్గినట్లు 2003లో ప్రకటించిరి. కొత్తచీరకంటె పలుమార్లు ఉతికిన నూలుచీర మేలు. ఉతికినకొలది పోగులు మెత్తబడి విచ్చుకొని, నడుమ సందులు మూసికొనును. అయితే వడియగట్టుట కాచుటకు బదులు కాదను సంగతిని విద్యార్థులు మరువరాదు. విడిగా ఈదు సూక్ష్మక్రిములు గుడ్డను దాటిపోగలవు.

నేరము దానిది కాదు

చేపపిల్లల తొలి ఆహారములో సైక్లాప్స్, డాఫ్నియా వంటి సూక్ష్మజీవులు ప్రధానములు. పెద్దదైన పిమ్మట కూడ బొచ్చెచేప ముఖ్యముగా వీనిపైననే ఆధారపడి నీటిపొరలలో తిరుగును. నాచును సైక్లాప్స్ తినును, సైక్లాప్స్‌ను చేపపిల్ల తినును, చేపను మనుష్యుడు తినును. నడిమి మెట్టు విరిగిన పై మెట్టు నిలువదు. చెరువును నమ్ముకొన్న గంగపుత్రుల, ముదిరాజుల జీవనోపాధి ఈ కనబడని మెట్టుపై కొంత నిలిచియున్నది.

దోమలకును ఇది శత్రువు. మీసోసైక్లాప్స్ అప్పుడే పొదిగిన దోమపిల్లలను పట్టి చంపును. ఉత్తర వియత్నాములో 1990 దశాబ్దమున నీటితొట్లలో, కుండలలో వీనిని విడిచి, ఇంటిచుట్టు పారవేసిన డబ్బాలను ఏరివేసి, డెంగీ జ్వరమును వ్యాపింపజేయు ఏడిస్ దోమను పలుగ్రామములలో అణచివేసిరి. అన్ని దోమలపైనను ఇది సమానముగా పనిచేయదు. ఏడిస్ దోమపై చేయునంత పని క్యూలెక్స్ దోమపై చేయదు. అయినను ఒకచోట రోగమును మోసిన ప్రాణియే మరియొకచోట రోగమును ఆపుట విచారింపదగినది. ప్రాణి మారలేదు, దానినిగూర్చిన మనుష్యుని తెలివి పెరిగినది.

మారుచున్న నీరు

గత అరువది యేండ్లలో ఈ మూడు పట్టణముల చుట్టు నీటిరూపము మారినది. 1963లో పోచంపాడు వద్ద శంకుస్థాపన జరిగిన శ్రీరాంసాగర్ ప్రాజెక్టునుండి కాకతీయ కాలువ కోరుట్ల, జగిత్యాల ప్రాంతములకు గోదావరి నీటిని తెచ్చినది. మానేరుపై మన్వాడ వద్ద మధ్యమానేరు జలాశయము వెలసినది. 2015లో మొదలయిన మిషన్ కాకతీయ పలు చెరువుల పూడిక తీసినది. తరువాత మిషన్ భగీరథ గొట్టముల ద్వారా ఇంటికి త్రాగునీరు వచ్చినది. దిగుడుబావులు పాడుపడినవి, కొన్ని పూడిపోయినవి.

కొత్త కాలువలు, జలాశయములు సైక్లాప్స్‌నకు కొత్త నివాసములే. దానికి కీడు వచ్చునది వేరొక దిక్కునుండి. వరి, పసుపు, మొక్కజొన్న చేలలో చల్లిన పురుగుమందు వానతో కాలువలోనికి, కాలువతో చెరువులోనికి దిగును. పురుగును చంపు మందునకు, పురుగునకు చుట్టమైన కవచజీవి మిక్కిలి సులభముగా లొంగును. ఎరువులు దిగిన నీటిలో నాచు మితిమీరి పెరుగును. దానిని మేయు జీవులు చచ్చిన, ఆ నాచును అదుపుచేయువారు తగ్గుదురు. నీరు పచ్చబడి, మురిగి, చేప తేలినప్పుడు గాని ఊరు మేల్కొనదు. సూక్ష్మజీవులు అంతకు ముందే తగ్గియుండును. చూడనేర్చినవారికి అది ముందస్తు హెచ్చరిక.

అందుచేత పాఠశాలలలో ఈ పరిచయము కావలెను. దీనికి పెద్ద ప్రయోగశాల అక్కరలేదు. ఉపాధ్యాయుడు తోడు రాగా, నాచు పెరిగిన అంచునుండి చెరువునీటిని ఒక సీసాలో ముంచి, వెలుతురునకు ఎదురుగా పట్టిన చాలును. తెల్లని నలుసులు దుముకుచు కనబడును. పలుచని గుడ్డలో వడియగట్టి, మిగిలినదానిని కొంచెము నీటిలో జాడించి, భూతద్దముతో చూడవచ్చును. సంచులెన్ని? మీసములెంత పొడవు? ఉదయము ఎక్కువగా దొరకినవా, సాయంకాలమా? మత్తడి దుమికినప్పుడు ఎన్ని, వేసవిలో ఎన్ని? నెలకొకసారి ఒకే చోట, ఒకే వేళ, ఒకే కొలత నీటిలో లెక్కించి వ్రాసిపెట్టిన పుస్తకము నాలుగైదేండ్లలో ఆ చెరువు చరిత్ర యగును. చూచుటయే గాని ఆ నీటిని త్రాగరాదు. పని ముగిసిన పిమ్మట చేతులు కడుగుకొనవలెను.

నారికురుపు ప్రపంచమునుండి ఇంకను పూర్తిగా పోలేదు. 1986లో సుమారు 35 లక్షల మందిని పీడించిన రోగము 2023లో 14 మందికి మాత్రమే సోకినది. అయితే ఆఫ్రికాలోని చాద్ దేశమున కుక్కలకు సోకుచు కడపటి అడుగును కష్టతరము చేయుచున్నది. ఈ దేశమున మాత్రము దిగుడుబావి చివరి మెట్టుమీద ఆ భయము లేదు. ఇకమీదట చూడవలసినది ఆ ప్రాణి బ్రతుకు నీరు ఎట్లున్నదను విషయమును. దానికి మంచిదైన నీటిలో చేపకును చోటుండును; ఆ చెరువుక్రింద బ్రతుకు ఊరికిని అది మేలే.